పిడుగుమేళంలో ట్రిగ్గర్ తగవు

నల్లరాతికోన అనే అడవిలో కుందేళ్లు, ఎలుగుబంట్లు, అడవిపందులు, ముళ్లపందులు, అడవిదున్నలు, ఒక ముసలి ఏనుగు ఉండేవి. వేరే అడవుల్లో జంతువులకు కోకిల పాట ఇష్టం. నల్లరాతికోన జంతువులకు మాత్రం మెటల్ సంగీతం ఇష్టం. గిటారు గరగరలాడాలి, గొంతు బొంగురుపోవాలి, డ్రమ్ములు కొండమీంచి బండలు దొర్లినట్టు మోగాలి. లేకపోతే వాటికి పాట విన్నట్టే ఉండదు. కోకిలలు ఎప్పుడో పక్క అడవికి వెళ్లిపోయాయి.

ఆ అడవిలో పిడుగుమేళం అని ఒక బృందం ఉండేది. గురకన్న అనే అడవిపంది అందులో పాడేవాడు. అతను మామూలుగా మాట్లాడినా పాడినట్టే ఉండేది. సూదప్ప అనే ముళ్లపంది గిటారు వాయించేవాడు. తన ఒంటి ముల్లు ఒకటి పీకి, దానితోనే తీగలు మీటేవాడు. డ్రమ్ముల దగ్గర గుబురయ్య అనే ఎలుగుబంటి కూర్చునేవాడు.

డ్రమ్ములన్నిటిలోకీ పెద్దది నేలమీద ఉంటుంది. దాని పేరు బేస్ డ్రమ్. దాన్ని చేతులతో కొట్టరు. రెండు కాళ్ల కింద రెండు పెడళ్లు ఉంటాయి. వాటిని తొక్కితే డ్రమ్ము మోగుతుంది. గుబురయ్య ఒక్కసారి తొక్కితే పక్కనున్న ఇప్పచెట్టు మీది పూలు జలజలా రాలేవి. పాట అయ్యాక ఆ పూలన్నీ అతనే ఏరుకుని తినేవాడు.

రానురాను పిడుగుమేళం పాటలు వేగం పుంజుకున్నాయి. గుబురయ్య కాళ్లకు ఆ వేగం అందలేదు. కుడికాలి దెబ్బ సద్దుమణగక ముందే ఎడమకాలి దెబ్బ వచ్చి పడేది. ఒక్కోసారి అసలు వచ్చేదే కాదు. అన్నీ కలిసి బుడబుడమని ఒకే మోతగా వినిపించేవి.

"మామా, కొంచెం సాధన చేద్దాం. మొదట మెల్లగా వాయించి, తర్వాత వేగం పెంచుకుందాం," అన్నాడు సూదప్ప.

"నా దెబ్బ విన్నవాడెవడైనా నాతో సాధన మాట ఎత్తుతాడా?" అన్నాడు గుబురయ్య. "మీరే పాట నెమ్మది చేసుకోండి."

పాట నెమ్మది కాలేదు. గుబురయ్య అలిగి మేళం మానేశాడు. బతిమాలడానికి వస్తారని గుహ ముందు కూర్చుని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. అతని చోటులోకి చెంగి అనే ఆడ కుందేలు వచ్చి కూర్చుంది.

ప్రమాదం పసిగడితే వెనక కాళ్లతో నేలను టపటపా కొట్టడం కుందేళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. చెంగి ఆ విద్యకు సాధన తోడుచేసింది. రోజూ పొద్దున్నే గరిక మేయకముందే కూర్చునేది. మెల్లగా మొదలుపెట్టి, కాళ్లు కనిపించనంత వేగందాకా తీసుకెళ్లేది. ఎంత వేగంలోనైనా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం వెంట్రుకవాసి కూడా మారేది కాదు.

చిక్కల్లా ఒక్కటే. చెంగికి బరువు లేదు. ఆమె ఎంత తొక్కినా అంత పెద్ద డ్రమ్మూ టిక్కు టిక్కుమనేది.

"చెల్లీ, నీ లయకు వంక పెట్టలేను," అన్నాడు గురకన్న. "కానీ నేను పాట ఎత్తుకుంటే నీ డ్రమ్ము పక్కనున్న నాకే వినపడటం లేదు. వెనక నిలబడే దున్నలకు ఏం వినపడుతుంది?"

చెంగి ఇంకా గట్టిగా తొక్కింది. చాలలేదు. వెనక్కి వెళ్లి, పరుగెత్తుకొచ్చి, పెడల్ మీదికి దూకింది. కాలు జారి డ్రమ్ము తోలు చించుకుని లోపల పడింది. సూదప్ప రెండు చెవులూ పట్టుకుని బయటికి లాగాడు. కాలు వాచి కొన్నాళ్లు కుంటింది.

వాపు తగ్గాక సూదప్ప ఒక చిన్న వస్తువు తెచ్చి, కొత్తగా తోలు బిగించిన డ్రమ్ము అంచుకు తగిలించాడు. దాన్నుంచి ఒక తీగ పక్కనున్న పెట్టెలోకి వెళ్లింది. పెట్టెలోంచి ఇంకో తీగ పెద్ద స్పీకర్‌లోకి వెళ్లింది.

"దీన్ని ట్రిగ్గర్ అంటారు," అన్నాడు సూదప్ప. "డ్రమ్ముకు దెబ్బ తగిలిన ప్రతిసారీ ఇది కనిపెడుతుంది. పెట్టెలో ఒక గట్టి డ్రమ్ము దెబ్బ దాచిపెట్టి ఉంది. నువ్వు ఎంత మెత్తగా తాకినా స్పీకర్‌లో ఆ దెబ్బే మోగుతుంది."

"నేను తాకకపోతే?" అని అడిగింది చెంగి.

"మోగదు."

"తప్పుగా తాకితే?"

"తప్పుగానే మోగుతుంది. అడవంతా వింటుంది."

చెంగి పెడల్ మీద కాలు మోపింది. ధన్ మని కోన అదిరిపోయింది. మరుక్షణం పీట మీద చెంగి లేదు. గురకన్న పొదలన్నీ వెతికి, నచ్చజెప్పి మళ్లీ తీసుకొచ్చాడు.

భయం తీరాక చెంగి వాయించింది. ప్రతి దెబ్బా విడివిడిగా, నిండుగా మోగింది. ఆ మోత గుబురయ్య గుహదాకా వెళ్లింది. గుబురయ్య దిగ్గున లేచి వచ్చాడు. డ్రమ్ము చుట్టూ తిరిగి, తీగలు వాసన చూసి, పెట్టె దగ్గర ఆగాడు.

"ఇది మోసం," అన్నాడు. "కాలు కుందేలుది, చప్పుడు ఇంకెవరిదో. దీన్ని వాయించడం అంటారా?"

"నా గొంతుకు మైకు ఉంది కదా మామా. అదీ మోసమేనా?" అన్నాడు గురకన్న.

"మైకు నీ గొంతునే పెద్దది చేస్తుంది. ఈ పెట్టె ఊరూపేరూ లేని దెబ్బ ఒకటి తెచ్చి పెడుతోంది. రేపు ఇందులో సింహగర్జన దాచిపెడితే చెంగి సింహం అయిపోతుందా?"

ఆ మాట చెంగికి ముల్లులా గుచ్చుకుంది.

అడవి రెండు పక్షాలైంది. మోత బాగుంటే చాలు, అది ఎక్కడినుంచి వస్తే ఏమిటని కోతులు అన్నాయి. చెమట పట్టని వాయింపు వాయింపే కాదని ఎలుగుబంట్లు అన్నాయి. దున్నలు పొద్దున ఒక పక్షం, సాయంత్రం ఇంకో పక్షం. ఒక తాబేలు ఆలోచించి ఆలోచించి తన అభిప్రాయం చెప్పబోయేసరికి రెండు పక్షాలూ మేతకు వెళ్లిపోయాయి.

చివరికి తగవు ముసలి ఏనుగు దగ్గరికి వెళ్లింది. ఆమెను అందరూ పెద్దమ్మ అని పిలిచేవారు. ఇప్పపూల జాతర ఆమె చేతుల మీదుగానే జరిగేది.

"జాతరలో ఇద్దరూ వాయించండి," అంది పెద్దమ్మ. "మొదట పెట్టె లేకుండా. తర్వాత అదే పాట పెట్టెతో. అందరం విందాం. అప్పుడు మేళంలో ఎవరు కూర్చోవాలో చెబుతాను."

గుబురయ్య మొదట మూతి తిప్పాడు. తర్వాత అతనికి ఒక ఆలోచన వచ్చింది. 'వాయించేది ఎలాగూ ఆ పెట్టే. కుందేలు కాలికే కోన అదిరితే, నా కాలికి కొండే కదలాలి' అనుకున్నాడు. పైకి మాత్రం, "పెద్దమ్మ మాట తీసెయ్యలేను," అని ఒప్పుకున్నాడు.

జాతర దగ్గరపడింది. చెంగి పెట్టె ఉన్నా లేకపోయినా రోజూ పొద్దున్నే సాధన చేసింది. గుబురయ్య చెదపుట్టలు తవ్వుకుని తిని, నీడన పడుకున్నాడు. సాధన చేయవా అని సాటి ఎలుగులు అడిగితే, "పెట్టె ఉండగా కాళ్లకు శ్రమ దేనికి?" అన్నాడు.

జాతర నాడు అడవంతా రాతిబయలులో చేరింది. మొదట పెట్టె లేకుండా గుబురయ్య వాయించాడు. బుడబుడమని పెద్ద మోత. దెబ్బలు కలిసిపోయాయి గానీ, వెనక నిలబడ్డ దున్నలకు నేల అదిరితే చాలు. అవి తోకలు ఎత్తి కేకలు వేశాయి.

తర్వాత చెంగి కూర్చుంది. ముందు వరసలోని కుందేళ్లు చెవులు నిక్కించి మురిసిపోయాయి. వెనక వరసలో ఒక దున్న పక్కదాన్ని అడిగింది, "మొదలుపెట్టిందా?"

"అయిపోయినట్టుంది," అంది పక్క దున్న.

గుబురయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

అప్పుడు సూదప్ప ట్రిగ్గర్ తగిలించాడు. చెంగి మళ్లీ అదే పాట వాయించింది. ఈసారి ఒక్క దెబ్బ కూడా ఎవరికీ వినపడకుండా పోలేదు. ముందు వరస విన్నదే వెనక వరసా వింది. దున్నలు వరసకట్టి డెక్కలు కలిపి గంతులు వేశాయి. దుమ్ము లేచింది. పెద్దమ్మ కూడా తెలియకుండానే చెవులు ఊపింది.

గుబురయ్య వంతు వచ్చింది. ధీమాగా కూర్చున్నాడు. పెడళ్లు తొక్కాడు.

ఇన్నాళ్లూ అతని మోత అతని తప్పులను దుప్పటిలా కప్పింది. పెట్టె ప్రతి దెబ్బనూ విడిగా మోగించి ఆ దుప్పటి లాగేసింది. ముందు పడిన దెబ్బ, ఆలస్యంగా పడిన దెబ్బ, పడకుండా పోయిన దెబ్బ అన్నీ బయటపడ్డాయి. ధన్. ధన్ధన్. కాసేపు ఏమీ లేదు. ధన్ధన్ధన్. ఎక్కడ గెంతాలో తెలియక దున్నలు ఒకదాని డెక్క ఒకటి తొక్కాయి. వరసలో మొదటిది పడింది. దాని మీద మిగతావి పడ్డాయి. గురకన్న పాట చివరి చరణం ఎత్తుకుని, ఇది మొదలో చివరో తెలియక మధ్యలో ఆపేశాడు.

గుబురయ్య కంగారుగా ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే తొడ మీద గోమారి పురుగు కుట్టింది. గోక్కున్నాడు. గోకుతుంటే కాలు ఆడింది. కాలు ఆడితే పెడల్ తగిలింది. ధన్, ధన్, ధన్, ధన్.

"ఈ ముక్క ఒక్కటీ లయలో ఉంది," అంది వెనక వరసలో కింద పడి ఉన్న దున్న.

అడవంతా గొల్లుమంది.

"పెట్టె చెడిపోయింది," అన్నాడు గుబురయ్య.

"పెట్టె బాగానే ఉంది గుబురయ్యా," అంది పెద్దమ్మ. "అది చెంగి వాయించినదాన్ని మాకు చేర్చింది. నువ్వు వాయించిందీ చేర్చింది. మేళంలో చెంగే కూర్చుంటుంది. పెట్టె కావాలో వద్దో ఆమె ఇష్టం."

గుబురయ్య తల వంచుకుని వెళ్లిపోయాడు. దారినిండా ఇప్పపూలు రాలి ఉన్నా ఒక్కటి కూడా ఏరుకోలేదు.

గెలిచినా చెంగికి మనసు కుదుటపడలేదు. మర్నాడు పొద్దున గుహ దగ్గరికి వెళ్లింది. గుబురయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నవ్వడానికి వచ్చావా?" అన్నాడు.

"లేదు మామా. నువ్వన్న మాట ఒకటి నన్ను వదలడం లేదు. ఆ పెట్టెలోది ఊరూపేరూ లేని దెబ్బే. దాని బదులు మన అడవి దెబ్బ పెట్టాలని ఉంది. నాకు అంత బలం లేదు. నీకుంది. ఒక్క దెబ్బ ఇస్తావా?"

గుబురయ్య ఇటు తిరిగాడు. "నా దెబ్బతో నువ్వు వాయిస్తావా?"

"నువ్వు సరేనంటేనే. వద్దంటే ఇలాగే వెళ్లిపోతాను."

గుబురయ్య లేచి ఒళ్లు దులుపుకున్నాడు. "పద," అన్నాడు.

డ్రమ్ము దగ్గర సూదప్ప మైకు పెట్టి సిద్ధంగా ఉన్నాడు. గుబురయ్య తొక్కాడు. తోలు ఫట్‌మని చిరిగింది. కొత్త తోలు బిగించి, "మామా, ఈసారి కొంచెం ప్రేమగా," అన్నాడు సూదప్ప. గుబురయ్య మళ్లీ తొక్కాడు. గంభీరమైన దెబ్బ ఒకటి పెట్టెలోకి వెళ్లింది.

వెళ్లబోతూ గుబురయ్య ఆగాడు. నేల చూస్తూ అడిగాడు, "అమ్మాయీ, సాధన మెల్లగా మొదలుపెట్టాలన్నారే. ఎంత మెల్లగా?"

"నిద్ర వచ్చేంత మెల్లగా మామా."

"అయితే నాకు వస్తుందిలే," అన్నాడు గుబురయ్య.

మరుసటి ఏడు జాతరలో చెంగి వాయించింది. గుబురయ్య వెనక వరసలో నిలబడి విన్నాడు. అతని పక్కన, చూపు మందగించిన ఒక ముసలి దున్న ఉంది. అది పక్కనున్నది ఎవరో గుర్తుపట్టలేదు.

"ఈ దెబ్బ ఎక్కడున్నా పోల్చుకుంటాను," అంది ముసలి దున్న. "గుబురయ్యదే. ఈ వయసులో ఇంత వేగం ఎలా పట్టాడో. మహానుభావుడు."

గుబురయ్య ఛాతీ ఉబ్బింది. అవునంటే అడిగేవాళ్లు లేరు. అతను ఆ మాటను కాసేపు నోట్లో తేనెలా ఉంచుకున్నాడు. తర్వాత మింగేశాడు.

"దెబ్బ ఒక్కటే గుబురయ్యది తాతా," అన్నాడు. "వాయించేది చెంగి."

నీతి: పనిముట్టు ఉన్న విద్యను పదిమందికీ వినిపిస్తుంది, లేని విద్యను తెచ్చి ఇవ్వదు.