కొలిచిన సున్నా

“విలువ ఉందో లేదో చూస్తే చాలదా మేడమ్? వరస పొడుగుతో పనేముంది?” అని అడిగాడు నూకరాజు. హైమవతి గారి దగ్గర జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నవాళ్ళలో చురుకైనవాడు. వాదనకి దిగితే ఒక పట్టాన వదలడు. అతని మాటలో నిజం లేకపోలేదు. జావాస్క్రిప్ట్‌లో అరే, అంటే విలువల వరస, ముగిసిపోయాక అవతలి గడిని అడిగినా అది తప్పుపట్టదు. అక్కడ విలువ లేదని ఊరుకుంటుంది. ఇక గడి హద్దులో ఉందా అని ముందుగా చూడడం అతనికి వట్టి చాదస్తంగా తోచింది.

హైమవతి గారు శిష్యులతో వాదించే మనిషి కాదు. గొడుగు తీసుకుని, అతన్ని వెంట రమ్మని, అతని ప్రోగ్రామ్ నడుస్తున్న చోటికి బయల్దేరారు.

అది ఒక ఆసుపత్రి వార్డు. ఆపరేషన్ అయినవాళ్ళకి గంటగంటకీ మూత్రం ఎంత వచ్చిందో నర్సు కొలిచి కంప్యూటర్‌లో ఎక్కిస్తే, మంచం పక్కన తెర మీద కనబడుతుంది. ఇంకా కొలవని గంటకి వరసలో గడే ఉండదు; అక్కడ ‘కొలవలేదు’ అని చూపేలా నూకరాజు రాశాడు. కిటికీ పక్క మంచం మీద అప్పలస్వామి అనే పెద్దాయన కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. కాళ్ళ దగ్గర కూర్చున్న కూతురు వీళ్ళని చూసి లేచింది.

“ఇందాకే సిస్టరమ్మ కొలిసింది బాబూ. ఒక్క సుక్కా రానేదని సున్నా కొట్టింది. దీంట్లో సూస్తే కొలవనేదనే ఉంది. డాక్టరు బాబు అదే సూసి, కొలిసాక సెప్పండని ఎల్లిపోనాడు. మా అయ్య కడుపు సూడండి, ఎలా ఉబ్బిపోనాదో.”

నూకరాజుకి తన తప్పు తెలిసిపోయింది. విలువ ఉందా అని అడిగితే జావాస్క్రిప్ట్ సున్నాని కూడా లేనట్టే లెక్కేస్తుంది. ఆ సంగతి పరీక్షల్లో ఎన్నోసార్లు రాసినవాడే. డాక్టరు గదికి పరుగెత్తాడు.

డాక్టరు వచ్చి చూస్తే మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం పూడుకుపోయి ఉంది. శుభ్రం చేయగానే సంచిలోకి ధార పడింది, పెద్దాయన మూలుగు ఆగింది. ఇంకాస్త ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతినేవని డాక్టరు నర్సుని కోప్పడబోయాడు. నూకరాజు అడ్డం వచ్చి, తప్పు తనదని చెప్పాడు.

వరండాలోకి వచ్చాక కూడా తల ఎత్తలేకపోయాడు. “ముందు గడి వరసలో ఉందా అనే చూస్తాను మేడమ్. లోపల ఏముందన్నది ఆ తర్వాతే,” అన్నాడు.

హైమవతి గారు వార్డు వైపే చూస్తున్నారు.

“ఆయన ఒళ్ళు చెప్పాల్సింది చెప్పింది నాయనా,” అన్నారు. “సిస్టరు కూడా వింది.”