పైడమ్మ తేనెపెట్టె

అనగనగా రైలు పట్టాల పక్కన ఒక ఊరుండేదట, బుజ్జీ. ఊరి చివర రైలు గేటు. ఆ గేటు వేసేదీ తీసేదీ పైడమ్మ. రైలు పోయేదాకా ఆగినవాళ్ళంతా ఆవిడతో కబుర్లు చెప్పేవాళ్ళు. ఎవరి పిల్ల నడక నేర్చిందో, ఎవరి గేదె ఈనిందో, అన్నీ ఆవిడకే ముందు తెలిసేవి.

ఆ తర్వాత పట్టాల మీద వంతెన కట్టారు. గేటు మూసేశారు. పైడమ్మ ఉద్యోగమూ అయిపోయింది. జనమంతా వంతెన మీంచే పోతున్నారు. జీడితోట పక్కనున్న ఆవిడ ఇంటివైపు ఎవరూ రారు. ఒకరోజు కాకిని అదిలిస్తుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మాట్లాడి నాలుగు రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది.

వంతెన అవతల సోములు అనే ముసలాయన సరదాకి తేనెటీగలు పెంచేవాడు. పైడమ్మ వెళ్ళి అడిగింది. "అన్నా, నాకూ ఒక పెట్టె ఇయ్యవా? ఇంట్లో కాస్త అలికిడైనా ఉంటుంది."

ఆయన ఈగలున్న చెక్కపెట్టె ఇచ్చాడు. ముఖానికి వల కట్టుకోవడం, పొగ పెట్టడం చూపించాడు. అయితే పెట్టెలోకి చీమలు దూరాయి. మూడో రోజుకి ఈగలన్నీ లేచిపోయాయి.

అప్పుడు సోములు ఇంకో పెట్టె ఇచ్చి, దాని కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టమన్నాడు. చీమలు రాలేదు. కానీ పైడమ్మ పొద్దునా సాయంత్రం మూత తీసి పలకరించేది. "తిన్నారా? ఎండగా ఉందా?" అని. ఒక పొద్దున చూస్తే పెట్టె ఖాళీ. ఉత్త మైనం గదులే మిగిలాయి.

పైడమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఊఁ కొడుతున్నావా, బుజ్జీ?

"నా దగ్గర ఈగలు కూడా ఉండవా అన్నా?" అంది.

"నీ మీద కోపం కాదు తల్లీ. ఊరికే మూత తీస్తే వాటికి బెదురు. అవి నీ కోసం రావు, పువ్వుల కోసం వస్తాయి. వాటి మానాన వాటిని వదిలెయ్. ఇదీ పోతే ఇంక నా దగ్గర లేదు" అని సోములు మూడోది ఇచ్చాడు.

ఆ తర్వాత పైడమ్మ పది అడుగుల దూరాన పీట వేసుకుంది. మూత తియ్యాలనిపించినప్పుడల్లా చేతులు ఒళ్ళో బిగించుకుని కూర్చునేది. జీడి పూసింది. ఈగలు వెళ్ళాయి, వచ్చాయి. ఒక్కటీ ఆవిడ వైపు చూడలేదు. అయినా ఆవిడ రోజూ కూర్చుంది.

పూత అయ్యాక కొంచెం పొగ పెట్టి, కాస్త తేనె తీసుకుంది. తక్కినదంతా ఈగలకే వదిలేసింది. వేలితో నాలిక మీద వేసుకుని, "అబ్బ, ఎంత బాగుందో!" అంది. ఔనని ఎవరూ అనలేదు.

అప్పుడు చెంగు సర్దుకుని, గిన్నె పట్టుకుని వంతెన ఎక్కింది.

సోములు అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆవిడ తెచ్చిన తేనె నాకి చూశాడు. "ఇన్నాళ్ళూ అందరికీ నేను పంచడమే గానీ, నాకెవరూ తెచ్చిపెట్టలేదమ్మా" అన్నాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ కబుర్లు చెప్పుకున్నారు.

మరుసటి వారం ఇవ్వడానికి తేనె లేదు. అయినా పైడమ్మ వంతెన ఎక్కింది.

ఈగలేమో గూటికి, కథేమో కంచికి,
మనమేమో ఇంటికి, నిద్రేమో కంటికి.