గంధర్వులెత్తుకెళ్లిన యువరాజు

"మా అబ్బాయి ఏమయ్యాడో సరిగ్గా చెప్పినవాడికి నా మెళ్లో ముత్యాలహారం ఇస్తాను. మధ్యాహ్నంలోగా వాడు దొరక్కపోతే ఈ దాది చెరసాలకు పోతుంది!"

నిండు సభలో విజయకేతు మహారాజు కేకేశాడు. అయిదేళ్ల యువరాజు పొద్దున్నుంచీ కనబడటం లేదు. కోటంతా గాలించారు. ఆఖరుగా పిల్లాడి దగ్గరున్నది దాది ఓబమ్మ. పాపం, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కళ్లలో పెట్టుకుని పెంచిన బిడ్డను ఆమే మాయం చేసిందంటే కడుపు మండదూ? విదూషకుడు తిప్పనకు మండింది.

ముందు సేనాపతి లేచాడు.

"శత్రురాజు వేగులవాళ్లు మూటగట్టి పట్టుకుపోయారు ప్రభూ! యుద్ధభేరి మోగించమంటారా?"

ఆయనకు దోమ కుట్టినా అది శత్రురాజు పనే.

"వేగులూ లేదు, గీగులూ లేదు! గంధర్వులెత్తుకెళ్లారు. ఈశాన్యంగా ఎగిరిపోవడం నా దివ్యదృష్టికి కనిపిస్తూనే ఉంది. ఏమరుపాటుగా ఉన్న దాదిదే తప్పు," అన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు ఘంటాశాస్త్రి, ముత్యాలహారం వైపు ఓ చూపు విసురుతూ.

తిప్పన మెల్లగా ఓబమ్మ పక్కకు చేరాడు.

"అవ్వా, పొద్దున బాబుకు ఏం చేస్తున్నావు?"

"తలంటు పొయ్యబోయానయ్యా. ఒళ్లంతా నూనె పట్టించి పెరట్లో పీట మీద కూర్చోబెట్టా. కుంకుడు పులుసు కోసం ఇట్టా తిరిగి అట్టా చూసేసరికి పీట ఖాళీ!"

తిప్పన మీసాల్లో నవ్వుకున్నాడు. కుంకుడు పులుసు కళ్లలో పడితే ఎలా ఉంటుందో అతనికీ తెలుసు. అలా పారిపోయినవాడు పిలిస్తే పలకడు, వెతికితే ఇంకా లోపలికి దూరతాడు. వాడంతట వాడే బయటికి రావాలి.

"మహారాజా, శాస్త్రిగారు చెప్పిందే నిజం!" అన్నాడు తిప్పన.

శాస్త్రి ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"సగంలో ఆగిన తలంటు పూర్తయితేగానీ గంధర్వులు బాబును వదలరు. బాబుకు బదులు ఆ పీట మీద కూర్చోవడానికి, గంధర్వులను కళ్లారా చూసిన ఈ మహానుభావుడే తగినవాడు!"

కాదంటే దివ్యదృష్టి ఉత్తిదని ఒప్పుకున్నట్టే. శాస్త్రి తలపాగా తీసి పెరట్లో ఆ పీట మీద కూర్చున్నాడు. సభంతా చుట్టూ మూగింది. పొద్దుటినుంచీ పడ్డ మాటలన్నీ అరచేతుల్లోకి తెచ్చుకుని మరీ రుద్దింది ఓబమ్మ.

"అమ్మో! కళ్లు! నీళ్లు! నీళ్లు పొయ్యవే!"

మూలన బోర్లించిన పెద్ద గంగాళం కిలకిలా నవ్వింది. దాని అంచు పైకి లేచి, నూనె కారుతున్న బుల్లి తలకాయ బయటికొచ్చింది.

"అవ్వా, చెవుల వెనక వదిలేశావు! నాకైతే రుద్దుతావుగా?"

రాజు పరుగున వెళ్లి కొడుకును ఎత్తుకున్నాడు. వాడు ఆ చేతుల్లోంచి సర్రున జారి ఓబమ్మ ఒళ్లో పడ్డాడు.

"ఏం తిప్పనా, గంధర్వుల పని కాదని నీకెలా తెలుసు?" అన్నాడు రాజు, నూనె చేతులు చూసుకుంటూ.

"తమరి చేతుల్లోనే నిలవనివాడు, గంధర్వుల చేతుల్లో నిలుస్తాడా ప్రభూ!"

సభ గొల్లుమంది. రాజు తప్పయిందంటూ ముత్యాలహారం ఓబమ్మ మెళ్లో వేసి, తన బంగారు కంకణం తీసి తిప్పన చేతికి తొడిగాడు. ఆ నవ్వుల హోరులో "నీళ్లు, నీళ్లు!" అంటున్న శాస్త్రి గోడు ఎవరికీ వినబడలేదు.