ఎర్రసిరా సెలవుచీటీ

ఒకానొక సంస్థానంలో దివానుగారికి ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది. కొలువులో ఎవరికి సెలవు కావాలన్నా ఇంగ్లీషులోనే రాసివ్వాలన్నారు. పల్లకీ మోసి మోసి భుజం పుండైన కూర్మయ్య, గుమాస్తా దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలతో నాలుగు రోజులుగా రాస్తూనే ఉన్నాడు. దివానుగారు తప్పులన్నీ కొట్టేసి, వాటి పైన ఎర్రసిరాతో ఒప్పులు రాసి, "ఒక్క ముక్క అర్థం కాలేదు, మళ్లీ రాయి" అని పల్లకీ ఎక్కేవారు.

ఐదోనాడు కూర్మయ్య ఓపిక లేక, నిన్నటి చీటీనే తెచ్చాడు.

"మళ్లీ ఇదేమిట్రా?"

"అర్థం కాకుండా ఎలా దిద్దారు బాబూ? ఇందులో నా మాట ఒక్కటీ మిగల్లేదు, అంతా తమరి రాతే. తప్పుంటే చెప్పండి, మళ్లీ రాసుకొస్తాను."

దివానుగారు చీటీని రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. ఆ సాయంత్రం, ఒక భుజం తక్కువైన పల్లకీని కచేరీ వాకిట్లోనే వదిలేసి, ఇంటికి నడిచి వెళ్లారు.