వేదవల్లి గారి చేపల తొట్టి

ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు చెప్పకుండా పని చెప్పడం వేదవల్లి గారి అలవాటు. రాజమండ్రిలో వాళ్ళ మేడమీద గదిలో ఉపనిషత్తుల పాఠం చెప్పేవారు. మేం చాపల మీద కూర్చుని వినేవాళ్ళం. ఎవరైనా తొందరపడి సందేహం బయటపెడితే, ముందు కుండీలకి నీళ్ళు పోసి రమ్మనేవారు. పోసి వచ్చేసరికి సగంమంది ప్రశ్న మర్చిపోయేవారు. మర్చిపోనివాళ్ళకే జవాబు అవసరమని ఆవిడ నమ్మకం.

మర్చిపోని మనిషి సుభాషిణి. కాలేజీలో పాఠాలు చెబుతుంది. మడీ తడీ గట్టిగా పాటించే ఇంట్లో పుట్టింది కాబట్టి, కూర్చునే చాపనైనా దులపందే కూర్చోదు. ఒకనాడు పాఠం అయ్యాక అడిగింది:

"అమ్మగారూ, రూపం లేనిదాని గురించి ఇన్నాళ్ళుగా వింటున్నాను. ఇంటికెళ్ళి మా అమ్మమ్మ ఇచ్చిపోయిన ఇత్తడి బాలకృష్ణుడికి స్నానం చేయిస్తుంటే, నన్ను నేనే మోసం చేసుకుంటున్నట్టుంది. వచ్చే పౌర్ణమికి ఆ విగ్రహాన్ని దాని పెట్టెతో సహా గోదావరిలో వదిలేద్దామనుకుంటున్నాను. వదలమంటారా?"

ఆ పెట్టె తప్ప అమ్మమ్మ గుర్తు ఆమె దగ్గర మరొకటి లేదని మా అందరికీ తెలుసు.

వేదవల్లి గారు మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. చేపల్ని కొత్త తొట్టిలోకి మార్చాలట.

ఆ గదిలో కిటికీ పక్కన చిన్న గాజు తొట్టి ఉండేది. అందులో రెండు బంగారు చేపలు. ఆవిడ భర్త పోయేముందు తెచ్చి పెట్టినవి. అవి పెరిగాయి, తొట్టి పెరగలేదు. వెనక్కి తిరగాలంటే పాపం ఒళ్ళు వంచుకుని తిరిగేవి. చూడలేక శిష్యులమంతా కలిసి పెద్ద తొట్టి తెచ్చిచ్చాం. కుళాయి నీళ్ళలో క్లోరిను పోవడానికి ముందురోజే నీళ్ళు పట్టి ఉంచారు ఆవిడ.

సాయానికి నేనూ వెళ్ళాను. సుభాషిణి తలంటుకుని, కొంగు దోపుకుని వచ్చింది. కొత్త తొట్టిని అద్దంలా తోమింది. అడుగున పరిచే గులకరాళ్ళని కూడా ఒక్కొక్కటే తీసి తోముతుంటే, "చాలు తల్లీ, వదిలితే చేపల్ని కూడా తోమేలా ఉన్నావు" అన్నారు వేదవల్లి గారు. ముగ్గురం నవ్వుకున్నాం. ఆవిడ పూలు కొయ్యడానికి అటు వెళ్ళారు. ఈలోగా సుభాషిణి పాత తొట్టి ఫిల్టరు విప్పింది. లోపలి స్పాంజి నల్లగా, జిగటగా ఉంది. అది చూశాక ఆమె చెయ్యి ఊరుకోలేదు. కుళాయి కింద పెట్టి పిండసాగింది. సగం తెల్లబడేసరికి వేదవల్లి గారు వచ్చి మణికట్టు పట్టుకున్నారు.

"వాసన చూడు."

మొహం చిట్లించుకుంటూనే ఆ నల్లటి వైపు ముక్కు దగ్గర పెట్టుకుంది. మరుక్షణం మొహం మారిపోయింది. నాకూ అందించింది. కుళ్ళు కంపు కాదు. తొలకరి పడ్డ నేల వాసన.

ఇక్కడ కాస్త విడమరిచి చెప్పాలి. చేప తినేదీ ఆ నీళ్ళలోనే, విసర్జించేదీ ఆ నీళ్ళలోనే. ఆ విసర్జన దానికి విషం. ఆ విషాన్నే తిని బతికే, కంటికి కనిపించని ప్రాణులు ఆ స్పాంజి నిండా కాపురముంటాయి. అవి లేకపోతే ఎంత తేటనీళ్ళలోనైనా చేప కొద్దిరోజుల్లోనే ఊపిరాడక చచ్చిపోతుంది. కుళాయి నీళ్ళ మందు ఆ ప్రాణుల్నీ చంపుతుంది. మనం మురికి అనుకున్నది ఆ రెండు చేపల ఆయువు.

వేదవల్లి గారు ఇదంతా చెప్పగానే సుభాషిణి నా చేతిలోంచి ఆ స్పాంజిని రెండు చేతులతో తీసుకుంది. "చంపేశానా అమ్మగారూ?"

"సగం మిగిలింది. చూద్దాం."

ఆ స్పాంజిని కొత్త ఫిల్టరులో, తెల్లటి కొత్త స్పాంజికి ఆనించి పెట్టారు. చేపల్ని పాత నీళ్ళతో సహా ప్లాస్టిక్ కవర్లలోకి తీసి, కొత్త నీళ్ళ మీద తేలనిచ్చారు. ఉండి ఉండి ఒక చిన్న గ్లాసుడు కొత్త నీళ్ళు కవర్లలో కలిపేవారు. ఒళ్ళు అలవాటు పడాలి కదా. చాలాసేపటికి ఒక కవరు వంచారు. చేప అంచు దగ్గరే నిలబడిపోయింది. తరవాత మెల్లగా బయటికి జారి, తోక విప్పింది.

పాత తొట్టిలో ఎప్పుడూ మడతపడి ఉన్న తోక అది. ఇప్పుడు చేప కన్నా పెద్దగా, పొరలుపొరలుగా, ఎండ అందులోంచి ఎర్రగా దిగుతూ విచ్చుకుంటూనే ఉంది. ఏళ్ళ తరబడి రోజూ చూసిన వేదవల్లి గారే చేతులు జోడించారు.

కానీ స్పాంజిలో ప్రాణులు సగమే మిగిలాయి కదా, రెండోనాటికి నీళ్ళు తెల్లగా మసకబారాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. సుభాషిణి రోజూ కాలేజీకి ముందు వచ్చి, ఆవిడ చెప్పినట్టు మేత ఆపి, కొంచెం నీరు తీసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు కొంచెం పోసేది. తీసిన ప్రతి చెంబుకీ ఏదో గొణుక్కునేది. చెవొగ్గి విన్నాను. వాళ్ళ అమ్మమ్మ నేర్పిన కృష్ణాష్టకం. పౌర్ణమి వచ్చి వెళ్ళిపోయింది. ఆ ఉదయమూ ఆమె తొట్టి దగ్గరే ఉంది.

ఒకరోజు వచ్చేసరికి, అసలు నీళ్ళున్నాయా లేవా అన్నంత తేటగా ఉంది తొట్టి. చేపలు అడుగున రాళ్ళ మధ్య మేత వెతుక్కుంటున్నాయి. తెల్లటి కొత్త స్పాంజి మీద, పాతది ఆనిన మేర, లేతగా మట్టిరంగు పాకింది. సుభాషిణి వేలు దగ్గరగా పెట్టి చూపించింది కానీ ముట్టుకోలేదు. తరవాత అడిగింది:

"అమ్మగారూ, మరి ఈ పాతదాన్ని ఎప్పుడు తీసెయ్యాలి?"

వేదవల్లి గారు దండ గుచ్చుతున్న చెయ్యి ఆపలేదు.

"తియ్యాల్సిన రోజున నువ్వు నన్నడగవు" అన్నారు.