మూత పెట్టిన కంచం

"విడమరిచి చెప్పకపోతే ఆట ఆడేవాళ్ళకి ఎలా అర్థమవుతుంది మాస్టారూ?" అని వకుళ అడిగింది.

పానకాలు మాస్టారు మాకు వీడియో గేముల్లో ఇళ్ళూ వీధులూ కట్టడం నేర్పే గురువు. టీ తాగుతారా అంటే తప్ప ఇంకే ప్రశ్నకీ ఆయన సూటిగా జవాబిచ్చినట్టు మా గుంటూరు ఆఫీసులో దాఖలాలు లేవు. ఆ రోజూ ఇవ్వలేదు. "రజియాని పిలువు" అన్నారు.

వానలు ఆగిపోయి, మనుషులు పోయాక మిగిలిన ఒక ఊరు మా ఆట. అందులో ఒక ఇల్లు వకుళది. ఆమె సొంతంగా కట్టిన మొదటి ఇల్లు. నీళ్ళ కోసం వెళ్ళిన కూతురు తిరిగి రాలేదు, ఎదురుచూస్తూనే అమ్మానాన్నలు పోయారు. అదీ ఆ ఇంటి కథ. కిందటిసారి ఆడి చూసినవాళ్ళెవరూ అక్కడ నిలబడలేదు. ఈసారీ అంతే అయితే ఇల్లు తీసేయక తప్పదన్నారు మాస్టారు. పాపం, వకుళ హడలిపోయి కథంతా చనిపోయిన తల్లి గొంతుతో చెప్పించేసింది. అదీ చాలదేమోనని గోడ మీద నెత్తుటి అక్షరాలతో సారాంశం కూడా రాసింది, పరీక్షలకి గైడు అచ్చేసినట్టు.

ఆటలు ఆడి తప్పులు పట్టడమే రజియా ఉద్యోగం. వచ్చి తెర ముందు కూర్చుని, ఆటలో ఆ ఇంట్లోకి వెళ్ళింది. తల్లి గొంతు మొదలైంది. కాసేపు విని, "ఏమే వకుళా, ఈవిడ పోయాక కూడా ఇంత మాట్లాడుతోందేంటే!" అంటూ మీట నొక్కి ఆపేసింది. ఊళ్ళో ఏరుకుని మోసుకొచ్చిన మూటలు అక్కడే దించి, తలుపుకి తన తాళం వేసుకుని వెళ్ళిపోయింది. మా ఆటలో తాళం వేసినవాళ్ళదే ఇల్లు.

నాకు ఏదో వెటకారం నోటిదాకా వచ్చింది. వకుళ ముఖం చూసి మింగేశాను.

మాస్టారు ఆ గొంతు తీయించారు. గోడ మీది రాతలు చెరిపించారు. అప్పుడడిగారు: "నువ్వు ఇంటికి ఆలస్యంగా వెళ్తే మీ అమ్మ ఏం చేస్తుంది?"

వకుళ నోరు తెరిచింది.

"చెప్పకమ్మా. అక్కడ పెట్టు."

ఆమె చాలాసేపు పనిచేసింది. వంటింటి గట్టు మీద రెండు కంచాలు బోర్లించింది. మూడో కంచాన్ని నేల మీద, పీట ముందు పెట్టింది. దాని మీద మూత. పక్కన నీళ్ళ గ్లాసు, దాని మీదా మూతే.

రజియా ఆట కొత్తగా మొదలుపెట్టి, మళ్ళీ ఆ ఇంట్లోకి వెళ్ళింది. మూటలు దించింది. వంటింటి వైపు తిరిగి, మూత పెట్టిన కంచం చూసి ఆగిపోయింది.

"ఎవరో రావాలి" అంది. మాతో కాదు.

దించిన మూటల్ని మళ్ళీ భుజానికెత్తుకుంది. బయటికొచ్చి, తాళం చేతిలో ఉన్నా వేయకుండా, తలుపు మెల్లగా దగ్గరికి లాగింది. ఆ బరువుతో పరుగెత్తలేక సందు మలుపులో తరుముకొచ్చిన అడవికుక్కలకి దొరికిపోయి ఓడిపోయింది. రజియా ఓడిపోవడం మేమెవరం అంతకుముందు చూడలేదు. ఆమె మాత్రం తెరవైపే చూస్తూ కూర్చుంది.

"ఇల్లు ఉంటుంది" అన్నారు మాస్టారు.

వకుళకి పట్టరాని సంతోషం. "మాస్టారూ, తాళం వేయనివాళ్ళకి, ఆ గుమ్మం దగ్గర, నువ్వు మంచి పని చేశావని ఒక్క ముక్క రాయనా? ఒక్కటే!"

మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"రజియా తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది కదమ్మా. చప్పుడు చెయ్యకుండా మనమూ వచ్చేద్దాం పద."