ఓబులమ్మ నీళ్లు

మన కొండ ఇప్పటికి రెండింతలు ఎత్తున్నప్పటి మాట. మన ఉలిగుండంలోనే ఓబులమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. తిరగళ్లు చెక్కేది. ఊరంతా అదే పని. ఆమె మొగుడు చెక్కాడు, దగ్గాడు, పోయాడు. పెద్దకొడుకు చెక్కాడు, దగ్గాడు, పోయాడు. ఇక చిన్నకొడుకు అంకన్నకు దగ్గు మొదలైంది.

కొండదేవత కోపమంది పూనకాల పుల్లమ్మ. ఆవిడకు దేనికైనా ఒక కోడి కావాలి. పూర్వజన్మ పాపమన్నాడు కరణం. ఈ జన్మవే ఆయనకు సరిపడా ఉన్నాయి. వైద్యుడు మల్లినాథయ్య మాత్రం, లోపల ఏముందో తానెన్నడూ చూడలేదన్నాడు. దాంతో ఊరికి ఆయన మీద నమ్మకం పోయింది. ఓబులమ్మకు కుదిరింది. దగ్గు ఆమెకూ ఉంది.

"నేను పోయాక నన్ను కోసి చూడు నాయనా. నా అంకడు మిగలాలి."

ఊరు ఊరుకోలేదు. దయ్యమవుతావన్నారు. పైన గుర్తుపట్టరన్నారు. దారి దొరకదన్నారు. పైకి వెళ్లొచ్చినవాడు ఒక్కడూ లేడు గానీ, దారి అందరికీ తెలుసు.

అంకన్న వద్దమ్మా అని ఏడ్చాడు.

"నిన్ను మోసిన ఒళ్లే గదరా. ఇంకోసారి నీకు పనికొస్తే తప్పేముంది?"

ఓబులమ్మ పోయింది. మల్లినాథయ్య ఆమె కాళ్లకు మొక్కి, రొమ్ము కోశాడు. కత్తి కరకరలాడింది. బయటకొచ్చి అరచెయ్యి చాచాడు. ఊపిరితిత్తుల్లోంచి తీసిన రాతిపొడి. ఆ చేతిలో మన కొండ ఉంది.

రాయి తడిపి కొడితే దుమ్ము లేవదన్నాడాయన. తడిరాతి మీద ఉలి జారుతుందని, నామోషీ అని మగాళ్లు వినలేదు. అంకన్నా వినలేదు.

మూడోనాడు, ఆమెను మట్టి చేసిన చోట పిట్టకు పెట్టారు. కాకి వచ్చి కొమ్మ మీద వాలింది. అన్నం ముట్టలేదు. పుల్లమ్మ కోడినిస్తానని మొక్కింది. ముట్టలేదు. కరణం గుడి కట్టిస్తానన్నాడు. ముట్టలేదు. ఆయన మాట సంగతి కాకికీ తెలుసు. అప్పుడు అంకన్న లేచాడు. తల్లి సగం చెక్కి వదిలిన తిరగలిని తెచ్చాడు. కుండెడు నీళ్లు పోశాడు. ఉలి పెట్టి కొట్టాడు. దుమ్ము లేవలేదు.

"ఇక ఇట్లాగే కొడతానమ్మా," అన్నాడు.

కాకి దిగి మెతుకు మిగలకుండా తింది.

అంకన్న దగ్గు పోలేదు గానీ ముదరలేదు. మనవల పెళ్లిళ్లు చూశాడు.

ఇప్పటికీ మన ఊళ్లో ఉలి ఎత్తేముందు రాతి మీద దోసెడు నీళ్లు పోస్తారు. "చల్లగా చూడు ఓబులమ్మా," అంటారు. కొండదేవతకు మొక్కడం మరిచేవాళ్లున్నారు. ఇది మరిచేవాళ్లు లేరు.